మూతపడని రేణువులు

భద్రం కుడికాలు తొడ దగ్గర తీసేయడానికి గురువారం ముహూర్తం పెట్టారు ఆసుపత్రివాళ్లు. సోమవారం మధ్యాహ్నం అతని అక్క హైమవతి ఒక సంతకాల కాగితం పట్టుకుని వార్డుకు వచ్చింది.

హైమవతి కాకినాడలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పరిశోధనా కేంద్రంలో రసాయన శాస్త్రవేత్త. పెళ్లి చేసుకోలేదు. భద్రం ఆమె కన్నా పదకొండేళ్లు చిన్నవాడు. జగన్నాథపురంలో భార్య రత్నంతో కలిసి టిఫిన్ హోటలు నడిపేవాడు. మూడేళ్ల కిందట లారీ తగిలి అతని తొడ ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గాని, లోపల చేరిన చీము పోలేదు. ఉన్న మందులన్నీ వాడి చూశారు. ఆ కాలానికి ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవులు ప్రతి ఆసుపత్రిలోనూ మకాం పెట్టాయి. చిన్న గాటు పడి చేరినవాళ్లు కూడా తిరిగి రాకపోవడం జనానికి అలవాటైపోతున్న రోజులవి.

"ఇది నేను తయారుచేసిన మందు," అంది హైమవతి. "ఇప్పటిదాకా నలుగురికి ఇచ్చాం. నలుగురికీ తగ్గింది. నువ్వు ఒప్పుకుంటే ఐదోవాడివి."

"కాలు ఉంటదా అక్కా?"

"ఉంటుందనే నా నమ్మకం."

భద్రం కాగితం చదవకుండానే పెన్ను అడిగాడు. రత్నం మాత్రం ఆ కాగితం లాక్కుని కిటికీ దగ్గర నిలబడి మొత్తం చదివింది. ఆమెకు అప్పుడు మూడో నెల.

"వదినా, ఆరు నెలల్లో రేణువులు వాటంతట అవే కరిగిపోతాయని రాశారు. కరక్కపోతేనో?"

"కరుగుతాయి రత్నం. కుందేళ్లలో కరిగాయి, మేకల్లో కరిగాయి."

రత్నం కాగితం మొగుడి చేతికిచ్చింది.

మర్నాడు హైమవతి చిన్న గాజుసీసాతో వచ్చింది. అందులో బియ్యం కడిగిన నీళ్లలాంటి ద్రవం ఉంది.

"దేంతో చేశారేంటి దీన్ని?" అన్నాడు భద్రం.

"ఊక బూడిదతో."

"బూడిద నా కాల్లోకి ఎక్కిస్తావా!"

"బూడిదలోంచి సిలికా తీస్తాం. ఇసకలోనూ గాజులోనూ ఉండేది అదే. దాన్ని కంటికి కనపడనంత చిన్న చిన్న రేణువులుగా చేస్తాం. ఒక్కో రేణువు నిండా తేనెపట్టుకున్నట్టు కన్నాలే. ఆ కన్నాల్లో మందు ఉంటుంది. కన్నాలకి మూతలుంటాయి. సూక్ష్మజీవులు చేరినచోట రక్తం కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపు తగిలితే మూత తెరుచుకుంటుంది, మందు బయటికొస్తుంది. పులుపు పోగానే మూత పడుతుంది."

"మరి మందు అయిపోతే?"

"అదే నా పదహారేళ్ల పని. కన్నం లోపలి గోడకి ఒక ఎంజైమ్ అతికించాను. నీ రక్తంలో ఉన్న సరుకుతోనే అది మళ్లీ మందు తయారుచేస్తుంది. ఖాళీ అయిన రేణువు పదకొండు గంటల్లో నిండుతుంది."

భద్రం నవ్వాడు. "అలాంటి గిన్నెలు రెండు మా హోటలుకి కూడా తెచ్చిపెట్టక్కా."

మూడోరోజుకు జ్వరం దిగింది. పన్నెండో రోజుకు చీము ఆగింది. శస్త్రచికిత్స వాయిదా వేసిన వైద్యుడు నెల తిరిగాక ఎక్స్‌రే చూసి, దాన్ని కిందికీ మీదికీ తిప్పి, అసలు ఇది ఈ మనిషిదేనా అని నర్సును అడిగాడు. రెండో నెలలో భద్రం కర్ర వదిలేశాడు. ఆ తరవాత హైమవతి ఇంకో ఆరుగురికి ఆ మందు ఇచ్చింది. మొత్తం పదకొండు మంది. పదకొండు మందికీ తగ్గింది. పరిశోధనా కేంద్రం డైరెక్టరు పట్టాభి ఆ రోజు అందరికీ పూతరేకులు పంచాడు.

*

మొదట తేడా కనిపించింది పిండిలో.

"ఏంటో వదినా, పిండి పులవడం లేదు," అంది రత్నం ఒక ఆదివారం. "ఆయన కలిపిన పిండి పొద్దున్న చూస్తే ఎలా పెట్టింది అలాగే ఉంటంది. నేను కలిపితే పొంగుతంది. పెరుగు కూడా అంతే. ఆయన తోడేస్తే పాలు పాలుగానే ఉంటన్నాయి."

"సబ్బు ఎక్కువ వాడుతున్నాడేమో," అంది హైమవతి. ఆ మాటే ఆమె తరవాత ఎన్నోసార్లు తలుచుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఒక్క నిమిషం ఆలోచించినా సరిపోయేది. ఆలోచించలేదు. బహుశా ఆలోచించడం ఇష్టం లేకపోయింది.

పాప పుట్టింది. వెన్నెల అని పేరు పెట్టుకున్నారు. రత్నానికి కుట్లు పడ్డాయి కనక పాప పనంతా భద్రమే చేశాడు. అరచేతులతో నూనె రాసేవాడు, నీళ్లు పోసేవాడు, ఏడిస్తే చిటికెనవేలు నోట్లో పెట్టి ఊరుకోబెట్టేవాడు. పదిహేనో రోజుకు పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇరవయ్యో రోజుకు పుట్టినప్పటి కన్నా బరువు తగ్గింది. పాలు తాగుతోంది, అయినా చిక్కిపోతోంది.

పిల్లల వైద్యురాలు పరీక్షల కాగితం హైమవతి ముందు పెట్టింది. "మీరు ఈ రంగంలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నానండీ. పాప విరేచనంలో ఏ క్రిమి ఉందో చూద్దామని పెంచితే ఏమీ పెరగలేదు. చెడ్డవి లేవు, మంచివీ లేవు. ఇరవై రోజుల పిల్ల కడుపు ఇంత ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. పాలు అరిగించడానికి, జబ్బుల్ని ఆపడానికి లోపల ఏవో ఉండాలి కదా?"

హైమవతికి రత్నం చెప్పిన పులవని పిండి గుర్తొచ్చింది.

ఆమె తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్లింది. సూక్ష్మజీవుల్ని పెంచే పెద్ద గాజుపళ్లెం ముందు పెట్టి, అరచెయ్యి ఒక్క నిమిషం ఆనించమంది. ఎందుకని అతను అడగలేదు. మర్నాటికి పళ్లెం నిండా పసుపుపచ్చని బూజులాంటి పొర పెరిగింది. మధ్యలో ఐదు వేళ్లతో, గీతలతో సహా ఒక చెయ్యి ఆకారం మాత్రం గాజంత శుభ్రంగా ఉంది.

రేణువులు కరగలేదు. ఎముక తనని తాను బాగుచేసుకుంటూ వాటి మీద సున్నపు పూత పూసింది. ఆ పూతకింద మూతలు సగం తెరుచుకుని బిగుసుకుపోయాయి. ఎముకలోని మూలుగ ద్వారా రేణువులు ఒళ్లంతా పాకాయి. పదకొండు గంటలకోసారి నిండుతూ, కారుతూ ఉన్నాయి. భద్రం చెమటలో మందు, లాలాజలంలో మందు.

అంతకన్నా భయంకరమైనది హోటలు వెనక తూములో దొరికింది. ఆ నీళ్లు తెచ్చి పరీక్షిస్తే, బతికున్న ప్రతి సూక్ష్మజీవీ భద్రం మందును తట్టుకుంటోంది. అతను మసిలినచోటల్లా బలహీనమైనవి చచ్చి, మొండివి మిగులుతున్నాయి. అవి రేపు ఎవరి ఒంట్లో చేరినా ఈ మందూ పనిచేయదు.

"నేను పాపని ముట్టుకోకపోతే బతుకుద్దా?" అని భద్రం ఒక్కటే అడిగాడు.

"బతుకుతుంది. మంచి సూక్ష్మజీవుల్ని చుక్కలుగా పడతాం. నువ్వు మాత్రం ఆ ఇంట్లో ఉండకూడదు."

"ఎన్నాళ్లు?"

"రెండు వారాలు. మూడు అనుకో."

పరిశోధనా కేంద్రం మూడో అంతస్తులో గాలి బయటికి పోని గది ఒకటి ఉంది. ఒక గోడ మొత్తం గాజు. భద్రం రెండు లుంగీలు, ఒక దుప్పటి పట్టుకుని అందులోకి వెళ్లాడు.

*

అతను ఆ గదిలో పద్నాలుగు నెలలు ఉన్నాడు.

అన్నం రెండు తలుపుల అరలోంచి వచ్చేది. లోపలికి వెళ్లిన కంచం మళ్లీ బయటికి వచ్చేది కాదు. తువ్వాళ్లు, బట్టలు కాల్చేసేవారు. స్నానం చేసిన నీళ్లు మరగబెట్టి పారబోసేవారు. అతను ఒక కరెంటు పొయ్యి అడిగి తెప్పించుకుని, రోజూ పొద్దున్నే ఉప్మా చేసుకునేవాడు.

"ఈ గదిలో ఏదీ కుళ్లదక్కా," అన్నాడు ఒకసారి, గాజుకు ఇవతల ఉన్న హైమవతితో. "వారం కిందట అరటిపండు తీసిపెట్టా. ఎండిపోయింది గాని కుళ్లలేదు. నా చెమటకి వాసన లేదు. నాలుగు రోజులు కట్టిన లుంగీకి కూడా లేదు. బతికున్నోడి దగ్గర ఏదో ఒక వాసన ఉండాలి కదా."

ఆమె రోజుకు పద్నాలుగు గంటలు ప్రయోగశాలలో ఉండేది. సిలికాను కరిగించే ఆమ్లాలు మనిషినే కరిగిస్తాయి. ఎంజైమును చంపే మందులు కాలేయాన్ని చంపుతున్నాయి. ఒక్కో దారీ మూసుకుపోతుంటే కాగితం మీద గీత కొట్టేది. గీత కొట్టిన ప్రతిసారీ మూడో అంతస్తుకు వెళ్లి తమ్ముడికి చెప్పేది. "పోనీలే, ఇంకోటి చూద్దాం," అనేవాడు అతనే.

మిగిలిన పదిమంది సంగతి ఆమె మొదటి వారంలోనే డైరెక్టరు ముందు పెట్టింది.

పట్టాభి లేచి గది తలుపు దగ్గరికి వేశాడు. ఆయన భార్య కాన్పు తరవాత ఏ మందుకూ లొంగని జ్వరంతో తొమ్మిది రోజుల్లో పోయింది. హైమవతి పరిశోధనకు పదహారేళ్లు అండగా నిలబడింది ఆయనే.

"పదిమందికీ చెబుదాం. చెప్పాక?" అన్నాడు. "మన దగ్గర ఉన్నది ఒక్క గది. చెప్పిన మర్నాడు వాళ్ల ఇళ్ల మీద జనం రాళ్లు వేస్తారు. వాళ్లలో ఎవరింట్లోనూ చంటిపిల్లలు లేరు. తూము అంటావు, ఒక్క తూముతో నిర్ణయానికి రాలేం. ముందు విరుగుడు కనిపెట్టు హైమా. అప్పుడు మందూ విరుగుడూ కలిపే చెబుదాం."

ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి ఆమెకు పెద్దగా బలవంతం కూడా అవసరం కాలేదు. నెలకోసారి ఆ పదిమందికీ ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగేది. బాగుందని దీవించేవాళ్లు.

రత్నం ఆదివారం ఆదివారం పాపను తీసుకొచ్చేది. హోటలు తెరిచి, ఒక్కతే నడుపుతోంది. పాప గాజు ఇవతల పాకింది, గాజు పట్టుకుని లేచి నిలబడింది. పద్నాలుగో నెల మొదట్లో ఒక ఆదివారం రత్నం పాపను బయట ఆయాకు అప్పగించి ఒక్కతే గాజు దగ్గరికి వచ్చింది.

"నిన్న బస్సులో పిఠాపురం వెళ్లొచ్చాం," అంది. "దారిపొడుగునా కిటికీ అద్దం కొడతా 'నాన్నా, నాన్నా' అంటంది. ఇంట్లో బీరువా అద్దం దగ్గరా అంతే. కొట్లో సోడా సీసా చూసినా అంతే. దానికి నాన్నంటే నువ్వు కాదు. గాజు."

భద్రం మర్నాడు అక్కను పిలిపించాడు.

"నీ దగ్గర ఏదో ఉంది. నెల్లాళ్ల నుంచి చూస్తన్నా, నువ్వు గీత కొట్టిన సంగతి చెప్పడం మానేశావు. అంటే ఏదో దొరికింది. దొరికినా సంతోషంగా లేవు. ఏంటది?"

హైమవతి గాజు దగ్గర స్టూలు మీద కూర్చుంది. దాచి లాభం లేదు.

"రేణువుల్ని కరిగించలేను. కాని కన్నాలు శాశ్వతంగా పూడ్చేయొచ్చు. మూడు రోజులు నరంలోకి ఎక్కిస్తే చాలు. మందు కారడం ఆగిపోతుంది. నువ్వు బయటికి రావచ్చు."

"మరింకేం?"

"నీ తొడలో ఉన్న సూక్ష్మజీవులు చావలేదురా. నిద్రపోయాయి. మందు చుట్టూ ఉందని ముడుచుకు పడుకున్నాయి. నేను పూడ్చేసిన మర్నాడు లేస్తాయి. ఈసారి వాటికి ఏ మందూ లేదు, నా మందు కూడా లేదు."

భద్రం తన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. సముద్రం వైపు నుంచి ఓడ కూత వినిపించింది.

"అవి తొడలోనే ఉన్నాయా?"

"తొడలో ఉన్నట్టు కనిపిస్తోంది. వేరేచోట కూడా నిద్రపోతుంటే కనిపెట్టే పరికరం ఎవరి దగ్గరా లేదు."

"అయితే కాలు ముందు తీసేయండి. ఒంట్లో మందు కారుతుండగానే తీస్తే కోసినచోట చీము పట్టదు. పుండు మానాక కన్నాలు పూడ్చండి."

ఆమె ఆ మాటే నెల రోజులుగా తనలో తాను చెప్పుకుంటోంది. అతని నోట విన్నాక తట్టుకోలేకపోయింది. "ఆ కాలు నిలబెట్టడానికే కదరా ఇదంతా చేశాను," అని గాజుకు నుదురు ఆనించి ఏడ్చింది.

"ఏడవకక్కా. నిలబెట్టావు. ఈ కాలితో నేను గదిలో గోడ నుంచి గోడకి తొమ్మిది అడుగులు నడుస్తన్నా. అది లేకపోతే మా ఇంటిదాకా పోతా." తరవాత అడిగాడు. "మిగతా పదిమందికి తెలుసా?"

ఆమె తల ఎత్తలేదు.

"తెలీదా?" భద్రం లేచి నిలబడ్డాడు. ఆ పద్నాలుగు నెలల్లో అతని గొంతు పెరగడం అదే మొదటిసారి. "ఇన్నాళ్లు నేను ఇక్కడ మగ్గింది ఎందుకు? నా వల్ల ఎవరికీ కీడు జరక్కూడదని. పదిమంది ఊళ్లో తిరుగుతా ఉంటే నన్నొక్కడ్ని లోపల పెట్టి ఏం లాభం? నీ తమ్ముడ్ని కనక పాపని చూశావు, కనిపెట్టావు. వాళ్లకి అక్క లేదు, అంతేగా?"



*

కాలు మంగళవారం తీశారు. వైద్యులు తుంటి దగ్గరిదాకా వెళ్లాల్సి వచ్చింది. పుండు ఇరవై రోజుల్లో మానింది. తరవాత మూడు రోజులు హైమవతే పక్కన కూర్చుని పూడ్చే మందు ఎక్కించింది. నాలుగో రోజు అరచెయ్యి పళ్లెం మీద ఆనిస్తే, మర్నాటికి పొర పళ్లెం అంచు నుంచి అంచుదాకా ఎక్కడా ఖాళీ లేకుండా పెరిగింది. వరసగా ఐదు రోజులు అలాగే పెరిగాక గది తలుపు తీశారు.

పాప తండ్రిని చూసి జడుసుకుంది. గాజు లేని మనిషిని ఎలా ఒప్పుకోవాలో తెలియక తల్లి మెడ కరుచుకుపోయింది. భద్రం దగ్గరికి తీసుకోవాలని చెయ్యి చాపలేదు. చంకకర్రలు గోడకు ఆనించి నేలమీద చతికిలబడ్డాడు. చాలాసేపటికి పాప దిగి వచ్చి అతని బుగ్గ మీద వేలితో టకటకా కొట్టి చూసింది. శబ్దం రాలేదు. మెత్తగా ఉంది. మళ్లీ కొట్టింది.

ఆ నెల అతనికి రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండుసార్లూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. రెండుసార్లూ మామూలు జ్వరమే, దిగిపోయింది. మూడోసారి వచ్చేది ఏదో ఎవరికీ తెలియదు.

హైమవతి అప్పటికే డైరెక్టరు గదికి వెళ్లి, తూము నీళ్ల పరీక్షలతో సహా మొత్తం రాసిన నివేదిక బల్ల మీద పెట్టింది. దాని నకలు ఆరోగ్యశాఖకు పంపేశానని కూడా చెప్పింది.

"పరిశోధన ఆగిపోతుంది హైమా," అన్నాడు పట్టాభి. "ఆసుపత్రుల్లో రోజూ పోతున్నవాళ్లకి ఏం చెబుతావు?"

"చెప్పడానికి ఏమీ లేదండీ. ఆ పదిమందికి మాత్రం చెప్పాల్సింది ఉంది."

ఆయన ఆ కాగితాలు అటూ ఇటూ సర్దాడు. భార్య ఫొటో వైపు ఒకసారి చూశాడు. వెళ్లొద్దని మాత్రం అనలేదు.

మొదటి ఇల్లు ఉప్పాడలో. మాణిక్యం అనే నేతగత్తె, అరవై దాటిన మనిషి. భద్రం తరవాత మందు తీసుకున్నవాళ్లలో ఆమె ఒకరు. కుడిచేతి మణికట్టు ఎముకలో చీముపట్టి, చెయ్యి తీసేయాలన్న దశలో వచ్చింది. ఇప్పుడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, ఆ చేత్తోనే పట్టుపోగుల మధ్య జరీ పువ్వు తీస్తోంది. పక్కన కోడలు కూర్చుని రెండో అంచు చూస్తోంది. ఆ చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాల్సిందే. కోడలికి ఐదో నెల అని చూడగానే తెలుస్తోంది.

"రా తల్లీ రా, చెయ్యి ఇచ్చిన దేవతవి," అంది మాణిక్యం. "కోడలా, చాప వెయ్యి."

హైమవతి చాప మీద కూర్చుని అంతా చెప్పింది. రేణువులు, మూతలు, తన తమ్ముడి పాప, తూము, గాజుగది. పద్నాలుగు నెలలు తెలిసి కూడా చెప్పలేదన్న మాట కూడా దాచకుండా చెప్పింది. కన్నాలు పూడ్చాలంటే ముందు మణికట్టు దగ్గర చెయ్యి తీసేయాలని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె చూపు నేలమీదే ఉంది.

మాణిక్యం తిట్టలేదు. పనిచేస్తున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది.

"పూడ్చకపోతే?"

"పుట్టబోయే బిడ్డని మీరు ఎత్తుకోకూడదు. ఈ ఇంట్లోనే ఉండకూడదు."

"పూడిస్తే ఈ చెయ్యి ఉండదు."

"ఉండదండి."

కోడలు కదలకుండా వింటోంది. ఒక చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. బయట ఎండలో ఆరేసిన నూలు గాలికి ఊగుతోంది. మాణిక్యం మగ్గం మీదున్న చీర వంక చూసింది. సగం దాకా నేసి ఉంది, మిగిలింది ఉత్త పోగులు.

"ఈ చీర అయ్యేదాకా ఆగొచ్చా అమ్మా?"

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"రెండు నెలలు. పట్టుగా కూర్చుంటే ఇంకా ముందే."

హైమవతి కోడలి వైపు చూసి, నెలలు లెక్క వేసుకుంది. "ఆగొచ్చు. కాని ఇంట్లో వాడిన నీళ్లన్నీ విడిగా పట్టి మరగబెట్టాలి. మీ కంచం, మంచం వేరుగా ఉండాలి. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే ఏం కాదు. నేను వారం వారం వస్తాను."

"వస్తానన్నావు కదా, రా. చెప్పాపెట్టకుండా ఊరుకోకు ఈసారి," అంది మాణిక్యం. అంతవరకే ఆమె కోపం.

తరవాత కోడలితో, "నువ్వు లేచి అవతలికి పో. వేరే ఎవరినన్నా పిలుచుకుంటా," అంది.

కోడలు లేవలేదు. చీరకొంగుతో కళ్లు తుడుచుకుని, తన వైపు పోగులు సరిచేసుకుంది. "మీ పక్కన కూర్చుంటే నాకేం కాదంట కదా అత్తా, ఇప్పుడే చెప్పారు. పువ్వు మధ్యలో ఉంది, తియ్యండి."

మాణిక్యం కుడిచెయ్యి మళ్లీ పోగుల మీదికి వెళ్లింది.